‘నువ్వుంటే బాగుండు’, ‘నువ్వుంటే బాగుండేది’: సిడ్ బారెట్‌కి ఏది చెప్పాలి?

మిత్రులకు నమస్కారం. మేం కొందరం కలిసి నడుపుకుంటున్న ఇంటర్నెట్ రేడియోలో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు రాక్ బృందం మీద, ఆ బృందాన్ని 1965లో లండన్‌లో మొదలుపెట్టిన వాళ్లలో ఒకడైన సిడ్ బారెట్ మీద ఒక గంట కార్యక్రమం చేస్తున్నాను. జులై 7న ప్రసారం. 2006లో అతను పోయింది ఆ రోజే. పాటల మధ్య మాటలన్నీ తెలుగులోనే రాసుకుంటున్నాను. అన్నీ కుదిరాయి గానీ ‘విష్ యూ వర్ హియర్’ అన్న వాళ్ల పాట పేరు దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

మొదట ‘నువ్వు ఇక్కడ ఉండాలని కోరుకుంటున్నాను’ అని రాశాను. పైకి చదివితే పెళ్లికి పిలుస్తున్నట్టుంది. ఆ మనిషి లేడన్న దిగులు అందులో ఎక్కడా లేదు. దానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న మాట వేరే. పండక్కి అందరూ చేరాక, రాలేకపోయిన కొడుకుని తలుచుకుని అమ్మ ‘వాడు కూడా ఉంటే బాగుండు’ అంటుంది. ‘నేను’ లేదు, ‘కోరుకోవడం’ లేదు. ‘ఉంటే’ అన్న చేదర్థకంలోనే (‘అలా జరిగితే’ అని చెప్పే క్రియారూపం) లేడన్న సంగతి తెలిసిపోతుంది.

అయితే ‘బాగుండు’ అనాలా, ‘బాగుండేది’ అనాలా? ‘బాగుండును’ చివర ‘ను’ పోయి ‘బాగుండు’ అయింది, అది తద్ధర్మం, అంటే ఫలానా కాలమని కట్టిపడేయని క్రియారూపం. ‘వాన పడితే బాగుండు’ అన్న రైతు ఇంకా మబ్బు వైపు చూస్తున్నాడు. ‘వాన పడుంటే బాగుండేది’ అన్నాడంటే పైరు ఎండిపోయినట్టే.

ఈ పాట వచ్చిన 1975లో సిడ్ బతికే ఉన్నాడు. మానసికంగా దెబ్బతిని 1968లోనే బృందానికి దూరమయ్యాడు. ఈ పాట ఉన్న ఆల్బమ్ తయారవుతుండగా, జూన్‌లో ఒకరోజు, చెప్పాపెట్టకుండా ఆబీ రోడ్ స్టూడియోకి వచ్చాడు. బాగా లావెక్కి, తల, కనుబొమలు గొరిగించుకుని ఉన్నాడు. కలిసి పాడినవాళ్లే మొదట గుర్తుపట్టలేదు. ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ అని వాళ్లు పాట కట్టుకున్నది అతని గురించే! మనిషి ఎదురుగా ఉన్నా ‘నువ్వుంటే బాగుండు’ అనాల్సి వచ్చింది. ఇది రాస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

అందుకని 1975 పాటకి ‘బాగుండు’, 2006 తర్వాత ‘బాగుండేది’ అనుకున్నాను. సరేనంటారా?

జవాబు: అంత గట్టిగా విడదీయకండి. మా నాన్నగారు పోయి పదకొండేళ్లయింది. మనవరాలు మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు మా అమ్మ ‘మీ నాన్నుంటే బాగుండు’ అంది. ‘బాగుండేది’ అనలేదు. ఇంకోమాట. కార్యక్రమానికి ‘నివాళి’ అని పేరు పెట్టాలనుకుంటే సంకోచించకండి. ఇప్పుడంటే పోయినవాళ్లకే వాడుతున్నాం గానీ, నివాళి అంటే హారతి, నీరాజనం. నిఘంటువులు చూడండి. కళ్లెదుట ఉన్నవాళ్లకి ఇచ్చేదే.

నా సమాధానం: అమ్మగారి మాట ముందు నా వ్యాకరణం నిలవదండీ. పోయినవాళ్లు పోయారని ఆవిడ నోరు ఒప్పుకోలేదు. ‘బాగుండేది’ తీసేశాను. ‘నివాళి’ గురించి మీరు చెప్పింది కూడా ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. 2005లో లండన్ హైడ్ పార్క్‌లో బృందంలోని రోజర్ వాటర్స్ ఈ పాటని ఇక్కడ లేనివాళ్లందరికీ, ముఖ్యంగా సిడ్‌కీ అని చెప్పి పాడాడు. అప్పటికి సిడ్ కేంబ్రిడ్జ్‌లోని తన ఇంట్లో ఉన్నాడు. అది పాత అర్థంలో నివాళే కదా!

ఈ పాట మొదలయ్యేదే రేడియోతో. బృందంలో గిటారు వాయించే డేవిడ్ గిల్మోర్ కారు రేడియోలోంచి రికార్డు చేసిన శబ్దం అది. స్టేషన్లు మారతాయి, ఎవరివో మాటలు, చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ ముక్క ఒకటి. తర్వాత రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా ఒక గిటారు. కాసేపటికి, గదిలో కూర్చుని దానికి తోడు వాయిస్తున్నట్టు ఇంకో గిటారు. ఆ రెండో గిటారు అందుకునే ముందు నా గొంతు తగ్గించి ‘సిడ్, నువ్వుంటే బాగుండు’ అంటాను. పాట పూర్తయ్యేదాకా ఇక మాట్లాడను.