నొప్పింపక తా... నొవ్వకా, ఒప్పకా?

పెన్నాతీరం:
పెద్దలకు నమస్కారం. పది రోజులుగా ఒక పాదం నోట్లో నలుగుతోంది. ఆరోగ్యశ్రీ బకాయిల వార్త కింద ముక్కూ మొహం తెలియని ఒకాయనతో వాదన పడింది. కార్డుల మీద పోసే డబ్బంతా ప్రైవేటు ఆసుపత్రులకే పోతోంది, అదే సొమ్ము ధర్మాసుపత్రులకు పెడితే మంచాలూ మందులూ ఉండేవి అని ఆయన. 2007లో పథకం రాకముందు గుండె ఆపరేషన్ కోసం ఎకరాలు తెగనమ్ముకున్నవాళ్ళని మా వీధిలోనే చూసినవాణ్ణి నేను. మూడు రోజులు సాగింది. మూడో రోజు ఆయన అన్న మాట బాగా తగిలింది. అంతకంత రాయబోయి ఆగి, మా నాన్న ఎప్పుడూ చదివే సుమతి పద్యం, "ఎప్పటికెయ్యది ప్రస్తుత" అని మొదలయ్యేది, పెట్టి విరమిద్దామనుకున్నాను. మూడో పాదం దగ్గర వేలు కదల్లేదు. నాన్న నోట నేను విన్నది "నొప్పింపక తానొప్పక". పుస్తకాల్లో "తానొవ్వక" అని ఉందని తెలుసు. నాన్న పోయి రెండేళ్ళయింది, అడిగే వీలు లేదు. "ఒప్పక" అనే పాఠం ఎవరైనా చూశారా, విన్నారా?

కందప్రియ:
చూడలేదండి. ఉండే అవకాశమూ తక్కువ. మెచ్చు, మెప్పించు. నొచ్చు, నొప్పించు. ఎదుటివాణ్ణి నొప్పించకుండా, తాను నొచ్చుకోకుండా అని ఒకే ధాతువుని రెండు వైపులా తిప్పాడు కవి. ఆ జంటలోనే ఉంది పాదానికి బలమంతా. ఒప్పక అంటే జంట విరిగిపోతుంది.

గోదారిగట్టు:
కందప్రియగారూ, మీ ఉదాహరణే మీకు అడ్డం వస్తోంది. మెచ్చుకి వ్యతిరేకం మెచ్చక. ఆ లెక్కన నొచ్చుకి నొచ్చక అని ఉండాలి. నొవ్వక ఎలా వచ్చింది? మెవ్వక అనం కదా.

కందప్రియ:
నొవ్వు అనే రూపం విడిగా ఉంది కాబట్టి వచ్చింది. "నొవ్వనాడు" అనే మాట మీరు చదివే ఉంటారు, మనసుకు తగిలేలా మాట్లాడటం. ఈ పద్యం నడిచేదే మాటల చుట్టూ. రెండో పాదంలో "మాటలాడి" అన్నవాడి చెవిలో నొవ్వనాడటం మోగుతూనే ఉంటుంది. నొవ్వక అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఓరుగల్లు:
ఛందస్సు మాత్రం ఎటూ తీర్పు చెప్తలేదు. నొప్పిం, పకతా, నొవ్వక. నొప్పక అన్నా అదే భగణం. ప్రాస పాదం మొదట్ల "ప్ప" తోటి తీరిపోయింది, మూడో పాదానికి యతి లేనే లేదు. అంటే ఆ ఒక్క అక్షరాన్ని పట్టి ఉంచే మేకు ఏదీ లేదు. అసొంటి జాగలల్లనే నోటి పాఠాలు పుడుతయి. "నొప్పింపక తానొప్పక" అని ఒకసారి పైకి చదివి చూడండ్రి, నాలుకకు ఎంత హాయిగ ఉన్నదో. ప్రాసలోని ప్ప మల్లొక్కసారి వచ్చి కూసున్నది. పెన్నాతీరంగారి నాన్నగారొక్కరే కాదు, చాలామంది అట్లనే చదివి ఉంటరు.

అర్థం కూడ చెప్త. నొవ్వక అన్నప్పుడు ఈ ధన్యుడు ఇటు దెబ్బ కొట్టడు, అటు దెబ్బ తినడు, సందుల నుంచి జారిపోతడు. ఒప్పక అంటే అట్ల కాదు. ఎదుటోని మనసు నొప్పియ్యడు, కని ఆయన మాటకు తల కూడ ఊపడు. తన పక్షం తనకుంటది. నాకైతే ఈ మనిషే నచ్చిండు.

కందప్రియ:
నచ్చడం వేరు, పాఠం వేరు. పైగా పాత పద్యాల్లో ఒప్పు అనగానే అంగీకారం గుర్తుకు రాదు. ఒప్పు అంటే మొదట శోభిల్లడం, తగి ఉండటం. "ఒప్పె" అని కవి రాస్తే ఎవరో దేనికో సరేనన్నారని అర్థం చెప్పుకోం. అంగీకారానికి ఒడబడు, సమ్మతించు లాంటివి ఉండనే ఉన్నాయి.

గోదారిగట్టు:
అలాగైతే మూడో అర్థం దొరికింది! తాను + ఒప్పక, తాను ప్రకాశించక. ఎదుటివాణ్ణి నొప్పించకుండా, తాను వెలిగిపోవాలని చూడకుండా. మనం రోజూ చూసే వాదనల్లో ఎదుటాయనకు చెప్పే మాటలెన్ని, చూస్తున్నవాళ్ళ మెప్పు కోసం రాసేవెన్ని? కందప్రియగారు కాదనబోయి "ఒప్పక"కి ఇంకో ప్రాణం పోశారు.

పాతబడి పంతులు:
అందరూ మూడో పాదంలోనే తిరుగుతున్నారు. చిక్కంతా మొదటి పాదంలో ఉంది. "ఎప్పటికెయ్యది ప్రస్తుతము" అన్నచోట ప్రస్తుతం అంటే ఇప్పుడు అని పిల్లలకు చెప్పేస్తున్నారు. కాదు. అప్రస్తుతప్రసంగం అంటామే, దానికి ఎదురు మాట. ఎత్తుకున్న విషయానికి చెందినది అని. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద ఉన్న 18 శాతం జీఎస్టీ తీసేశారు. అది పాలసీదారుకు పూర్తిగా అందుతుందా, పన్ను లేకపోతే కంపెనీలు తమ ఖర్చుల మీద కట్టిన పన్నుకు జమ కూడా దక్కదు కాబట్టి ఆ భారం ప్రీమియంలోకే చేరుతుందా అని ఒకచోట మర్యాదగా అడిగాను. నాలుగో జవాబుకి ఒక పార్టీ, ఆరో జవాబుకి నా కులం, పదో జవాబుకి ఒక హీరో గారి సినిమా. ప్రస్తుతమన్న మాటకు అర్థం తెలిసినవాడు ఒక్కడున్నా ఆ ప్రశ్నకు సమాధానం దొరికేది. నొవ్వడం, ఒప్పడం ఆ తర్వాతి సంగతులు.

ఓరుగల్లు:
పంతులుగారూ, దండం. ఆ ముక్క నిజం. గని నాలుగో పాదం సంగతి కూడ తేల్చండ్రి. మా దిక్కు "తప్పించుక తిరుగువాడు". పట్టుక వచ్చిండు, చేసుక తిన్నరు అన్నట్టు. మీ దిక్కు "తప్పించుకు". రెండూ అచ్చుల చూసిన. ఏది పాతది?

గోదారిగట్టు:
తప్పించుకొని కుదించుకుని తప్పించుకు అయింది. కొని లోని ఒ, ఉ వైపు జరగడం సహజం. క అనేది తర్వాతి ఉచ్చారణ అనుకుంటాను.

ఓరుగల్లు:
సహజమని మీరనుకుంటే సరిపోదు కద. మీ నాలుకకు సహజం కు, మా నాలుకకు సహజం క. పాత ప్రతి చూపియ్యండ్రి.

తిక్కన అభిమాని:
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. ఈ పద్యాన్ని తలకెత్తుకోవడమే నాకు బాధగా ఉంటుంది. నీతిశాస్త్రముక్తావళి అనే గ్రంథంలో తాను "సుమతి శతకము గావించిన ప్రోడ"నని చెప్పుకున్న బద్దెనే ఈ శతక కర్త అనీ, ఆయన తిక్కన శిష్యుడనీ అంటారు. అది నిజమైతే గురువుగారి మాట శిష్యుడికి ఎక్కనట్టే. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో నిలబడి ఏమన్నాడు?

సారపు ధర్మమున్ విమల సత్యము బాపముచేత బొంకుచే
బారము పొందలేక చెడబారినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష చేసి రది వారల చేటగు...

పారము అంటే అవతలి గట్టు. ధర్మమూ సత్యమూ గట్టు చేరలేక మునిగిపోతున్నాయి. ఒడ్డున దక్షులున్నారు, చెయ్యి అందించగలిగినవాళ్ళు. ఊరుకున్నారు. ఆ చేటు వాళ్ళదే. తర్వాత దైవాన్ని "ధర్మ నిస్తారక"మన్నాడు, అంటే దాటించేది. పారానికి నిస్తారకం. నది పేరెత్తకుండానే నదిని దాటించాడు. ఈ పోలికను సగం తెలిసీ తెలియకుండా దాటిపోయి, ఉత్పలమాల నడక బాగుందని మెచ్చుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

తిక్కన తానే అలా బతికాడు. తన రాజు మనుమసిద్ధి రాజ్యం పోతే నెల్లూరి నుంచి ఓరుగల్లు వెళ్ళి కాకతీయ గణపతిదేవుణ్ణి సాయానికి ఒప్పించుకొచ్చాడనీ, ఆ సభలో పరమతస్థులతో వాదించాడనీ సోమదేవరాజీయం అనే కావ్యంలోని కథ. తప్పించుకు తిరిగేవాడైతే మనుమసిద్ధికి సింహాసనం ఉండేదా? పెన్నాతీరంగారూ, మీరు వాదన మానడానికి పద్యం వెతుక్కుంటున్నారు. తెలిసినవారు మీరు. చెప్పండి.

కందప్రియ:
తిక్కనగారి మీద మీ అభిమానానికి నమస్కారం. కాని ఉపేక్షించవద్దన్న ఆ మాట భీష్మద్రోణుల వంటి సభాసదులకు వర్తిస్తుంది, వాళ్ళు దక్షులు కాబట్టి. సుమతి పద్యంలో ఉన్నది "అన్యులు". పరిచయం లేనివాడి మనసును నొప్పించవద్దంటే సభలో నోరు మూసుకోమని కాదు. ఒకటి రాజ్యం నడిపేవాడికి, ఇంకొకటి బజార్లో నడిచేవాడికి.

తిక్కన అభిమాని:
ఓటున్న ప్రతివాడూ సభలో ఉన్నట్టే కదండీ.

డల్లాస్ తెలుగు:
ఇక్కడ అమెరికాలో 2010 ఆరోగ్య బీమా చట్టం మీద మా బంధువుల గుంపులో ఏళ్ళ తరబడి ఇదే గొడవ. ముందునుంచీ ఉన్న జబ్బు చూపి పాలసీ నిరాకరించకూడదన్న నియమం వల్ల మా బావగారికి మేలు జరిగింది, ప్రీమియం పెరిగి మా తమ్ముడికి భారమైంది. ఇద్దరి మాటా నిజమే. అక్కడ ఇండియాలో కూడా ముందునుంచీ ఉన్న జబ్బులకు పాలసీ వర్తించడానికి గరిష్ఠ నిరీక్షణ గడువు 2024లో 48 నెలల నుంచి 36కి తగ్గించారని విన్నాను. ఇంతకీ నా సందేహం ఇంకొకటి. మా వాళ్ళు సగం మంది "భీమా" అని రాస్తారు. ఏది సరి?

పాతబడి పంతులు:
బీమా. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, అక్కడ బీమ్ అంటే భయం. మనవాళ్ళకు ఒత్తు లేకపోతే బరువు చాలదనిపించి భీముణ్ణి తెచ్చి నిలబెట్టారు. ధీమాతో ప్రాస కలపడం ఎలాగూ అలవాటైపోయింది. భయంలోంచి పుట్టిన మాట కాస్తా ధైర్యానికి జోడీ అయింది.

ఇంకొకటి. ఆరోగ్యశ్రీని బీమా అనడం గురించి. మొదట్లో కంపెనీకి ప్రీమియం కట్టినప్పుడు అది బీమా. ప్రభుత్వ ట్రస్టే ఆసుపత్రికి నేరుగా చెల్లిస్తే బీమా కాదు, వైద్య సాయం. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించిన విధానంలో రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు. ఒకే చికిత్సకు రెండు మాటలు వాడాల్సిన పరిస్థితి. పెన్నాతీరంగారూ, మీరూ ఆయనా మూడు రోజులు ఒకే మాటను రెండు అర్థాల్లో వాడి ఉంటారు. ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూడండి.

పెన్నాతీరం:
వెళ్ళి చూశాను పంతులుగారూ. నిజమే. ఆయన బీమా అన్నప్పుడల్లా ప్రైవేటు కంపెనీని తిడుతున్నారు. నేను కార్డు గురించి చెబుతున్నాను. ఆ సంగతే రాసి క్షమించమన్నాను. ఇంకా జవాబు రాలేదు.

తిక్కన అభిమానిగారి పద్యం రాత్రి పైకి చదువుకున్నాను. చదువుతుంటే మరిచిపోయిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. అమ్మ ఆపరేషన్‌కి నాన్న పాలసీ ఉంది. ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. వాళ్ళు ఇవ్వాల్సిన సొమ్ములో సగానికి సగం కోసి, "పూర్తి, తుది చెల్లింపుగా అంగీకరిస్తున్నాను" అన్న కాగితం మీద సంతకం పెట్టమన్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయిని నాన్న ఒక్క మాట అనలేదు. ఆ అమ్మాయి చేతిలో ఏముంది అన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు. ఇంటికొచ్చి హైదరాబాదులో బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి స్వదస్తూరీతో నాలుగు పేజీలు రాశారు. వరండాలో కూర్చుని రాస్తూ ఈ పద్యమే గొణుక్కున్నారు. నాకు చెవిలో ఉన్న "ఒప్పక" ఆ సాయంత్రానిదే అయి ఉంటుంది. అంతకుముందు ఎలా చదివేవారో గట్టిగా చెప్పలేను.

కందప్రియ:
పెన్నాతీరంగారూ, మీ నాన్నగారు పాఠం తెలియక అలా చదవలేదని ఇప్పుడనిపిస్తోంది. ఆయన తెలిసి మార్చుకున్నారేమో. వ్యాకరణం మీద నా మాట నాదే. ఆ కాగితం ముందు మాత్రం "ఒప్పక" అన్నదే ప్రస్తుతం.

గోదారిగట్టు:
లేదా చిన్నప్పటి నుంచే అలా చదివేవారేమో. ఆయన చదువుకున్న శతకం పుస్తకం ఇంట్లో ఉందా?

పెన్నాతీరం:
అట్ట చిరిగిన పాత పుస్తకమొకటి ఉండేది. కావలిలో మా అక్క దగ్గర ఉండాలి. పండక్కి వెళ్ళినప్పుడు చూసి, ఆ పుట ఫోటో తీసి పెడతాను.

ఓరుగల్లు:
పెట్టండ్రి. అట్లనే నాలుగో పాదం కూడ పడేటట్టు తియ్యండ్రి, "కు" ఉన్నదో "క" ఉన్నదో.