ఇంట్రో కేవ్ అయ్యాక ఫుల్ కేవ్‌కి ఎప్పుడు వెళ్లాలి?

మొసలికన్ను:
అందరికీ నమస్తే. నీళ్లలో మునిగిన గుహల్లో డైవింగ్ నేర్చుకుంటున్నా. కావర్న్ (పగటి వెలుగు కనిపించేంత వరకే), ఇంట్రో టు కేవ్ (గుహ లోపలికి మొదటి మెట్టు) కోర్సులు రెండూ వరసపెట్టి చేసేశాను, కార్డ్ వచ్చింది, ఆ తర్వాత ఇంట్రో లిమిట్స్ దాటకుండా డైవ్స్ చేస్తున్నా. ఇప్పుడు మా బడ్డీ తర్వాతి కోర్స్ ఫుల్ కేవ్ బుక్ చేసేద్దాం పద అంటున్నాడు. నాకూ చేయాలనే ఉంది కానీ లోపల ఎక్కడో పీకుతోంది. ట్రిమ్ (నీళ్లలో ఒళ్లు అడ్డంగా నిలపడం) పర్లేదు, సిల్ట్ (అడుగున ఉండే మెత్తటి మట్టి) లేపట్లేదు, క్లాస్‌లో డ్రిల్స్ అన్నీ పాసయ్యా. కాకపోతే క్లాస్ అయ్యాక లైట్లు ఆపేసి లైన్ (దారి కోసం కట్టిన తాడు) పట్టుకుని బయటికి రావడం మళ్లీ ఒక్కసారి కూడా చేయలేదు. ఎన్ని డైవ్స్ తర్వాత వెళ్లాలి అంటే ఒక్కొక్కరు ఒక్కో నంబర్ చెప్తున్నారు. ఇంకోటి, మేం వెళ్లే గుహలో మెయిన్ లైన్‌కి కొంచెం అవతలే ఇంకో లైన్ మొదలవుతుంది, కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, ప్రతిసారీ దాని పక్కనుంచే వెనక్కి తిరుగుతాం, మనసు లాగేస్తోంది. అసలు మీరంతా ఎలా డిసైడ్ అయ్యారు?

పాతరీల్:
నంబర్ అడిగితే జీయూఈ అనే ట్రైనింగ్ ఏజెన్సీ వాళ్లది చెప్పొచ్చు, వాళ్ల మొదటి గుహ కోర్స్ కేవ్ 1 అయ్యాక తర్వాతిదైన కేవ్ 2కి రావాలంటే మధ్యలో 25 డైవ్స్ చేసి రమ్మంటారు. కానీ అదే గుహలో అదే లైన్ మీద ఎన్నిసార్లు తిరిగినా కొత్తగా నేర్చుకునేది తక్కువే, కాబట్టి నంబర్ పక్కన పెట్టండి. డైవ్ మధ్యలో మీ బుర్రలో ఎంత ఖాళీ మిగులుతోంది అన్నది చూసుకోండి. గేజ్ (ట్యాంక్ ప్రెషర్ చూపే మీటర్) చూసే ముందు ఎంత గ్యాస్ (పీల్చే గాలి) ఉంటుందో మనసులో అనుకుని తర్వాత చూడండి, రెండూ దాదాపు కలుస్తున్నాయా? ఏ క్షణంలో అడిగినా లైన్ ఎటుందో తల తిప్పకుండా చెయ్యి చూపించగలరా? చివరగా దాటిన యారో (లైన్ మీద బయటి దారి చూపే గుర్తు) ఎటు చూపిస్తోందో గుర్తుందా, బడ్డీ లైట్ చివరిసారి ఎప్పుడు చూశారు? వీటికి ఆలోచించుకోకుండా జవాబు వస్తుంటే మీరు రెడీ. లేదంటే ఫుల్ కేవ్‌లో జంపులు (ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి దాటడం), సర్క్యూట్లు (చుట్టు తిరిగి రావడం), ట్రావర్స్‌లు (ఒక చోట దిగి ఇంకో చోట తేలడం) కూడా మీద పడతాయి, ఉన్న కాస్త ఖాళీ కూడా పోతుంది.

గ్యాస్ విషయం కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఇంట్రోలో డబుల్స్ (జంట ట్యాంకులు) మీద లోపలికి పోవడానికి గ్యాస్‌లో ఆరో వంతే ఎందుకు వాడమంటారో ఎప్పుడైనా లెక్క వేశారా? 200 బార్ ఉందనుకోండి, లెక్క తేలిగ్గా ఉండటానికి 180 తీసుకుంటే ఆరో వంతు 30, అంటే 170కి టర్న్ (వెనక్కి తిరగడం). ఫుల్‌లో మూడో వంతు అంటే 60, టర్న్ 140కి. ఇప్పుడు సరిగ్గా టర్న్ దగ్గర మీ బడ్డీ గ్యాస్ మొత్తం పోయిందనుకోండి. థర్డ్స్‌లో (మూడో వంతు లెక్కలో) మీ దగ్గర మిగిలింది ఇద్దరూ లోపలికి వచ్చినంత వేగంతో, అంతే ప్రశాంతంగా ఊపిరి తీసుకుంటూ బయటపడటానికి సరిపోతుంది, దాని మీద కొంచెమే మిగులు. కానీ ఆ టైమ్‌లో ప్రశాంతంగా ఎవడుంటాడు? సిల్ట్ లేస్తే లైన్ తడుముకుంటూ రావాలి, స్పీడ్ సగానికి పడిపోతుంది, ఊపిరేమో రెట్టింపు అవుతుంది. సిక్స్‌త్స్‌లో (ఆరో వంతు లెక్కలో) ఈ తడబాటుకి చోటుంది, థర్డ్స్‌లో లేదు. ఫుల్ కేవ్ కార్డ్ అంటే ఆ చోటు వదులుకోవడానికి ఒప్పుకోవడం, దానికి బదులుగా మీ స్కిల్ ఉండాలి. అందుకే క్లాస్ తర్వాత లైట్స్ అవుట్ చేయలేదు అన్నారు చూశారా, మీ మొత్తం పోస్ట్‌లో నాకు అదే పెద్ద విషయంలా అనిపించింది.

చీకటిదారి:
ఆ పక్క లైన్ సంగతి. మధ్యలో రీల్‌తో లైన్ కట్టకుండా దాటితే దాన్ని విజువల్ జంప్ అంటారు, తిరిగొచ్చేటప్పుడు విజిబిలిటీ లేకపోతే ఆ చిన్న ఖాళీలోనే మనిషి తప్పిపోతాడు. లైన్ బయటి ఓపెన్ వాటర్ దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి అన్నది ఊరికే పెట్టిన రూల్ కాదు, గుహ డైవింగ్‌లో పెద్ద పేరున్న షెక్ ఎక్స్‌లీ 1970ల్లో ప్రమాదాలన్నీ ముందేసుకుని కూర్చుంటే మళ్లీ మళ్లీ తేలినవి ఇవే, లైన్ లేకపోవడం, గ్యాస్ మిగల్చకపోవడం, మరీ లోతుకి పోవడం. ట్రైనింగ్, లైట్లు అన్న రెండూ తర్వాత చేరాయి. అంత తెలిసిన ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని జకటోన్ అనే లోతైన నీటి గుంటలో లోతు రికార్డ్ కోసం దిగి తిరిగి రాలేదు. బడ్డీ ఎప్పుడైనా అటు వేలు చూపిస్తే బొటనవేలు పైకెత్తి డైవ్ ఆపేయండి, కారణం చెప్పక్కర్లేదు.

నీటినీడ:
నేను కొంచెం వేరేగా చెప్తాను, పాతరీల్ గారు ఏమీ అనుకోవద్దు. ఒకే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కావర్న్ నుంచి ఫుల్ దాకా ఒక్క ఊపులో చేయడం ప్రతిసారీ తప్పేం కాదు. జీరో టు హీరో అని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది కానీ స్కిల్స్ తుప్పు పట్టకముందే తర్వాతి మెట్టు ఎక్కినవాళ్లలో మంచి డైవర్లు ఉన్నారు. తేడా కార్డ్ వచ్చిన తర్వాత ఏం చేశారన్న దాంట్లో ఉంది. ఫుల్ కార్డ్ జేబులో ఉన్నా మొదట్లో ఇంట్రో లిమిట్స్‌లోనే తిరిగి, తర్వాత ఒక్క జంప్, అది బాగా అలవాటయ్యాక రెండోది, అలా పెంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. కార్డ్ వచ్చిన వారంలోనే స్టేజ్ ట్యాంక్ (అదనపు ట్యాంక్), స్కూటర్ (నీళ్లలో మనిషిని లాక్కెళ్లే మోటర్) అంటే మాత్రం అమ్మో. అన్నట్టు కొన్ని ఏజెన్సీల్లో మధ్యలో అప్రెంటిస్ అని ఒక మెట్టు ఉంటుంది, దానికి గడువు కూడా ఉంటుంది, ఆలోపు ఫుల్ పూర్తి చేయాలి, మీ ఏజెన్సీలో ఉందేమో అడగండి.

ఇంకో మాట ఎవరూ అనలేదు. మీరు ఇంట్రో ఎలాంటి గుహలో చేశారు? ఫ్లోరిడాలో జిన్నీ స్ప్రింగ్స్ లాంటి చోట నీళ్లు గట్టిగా బయటికి తోస్తాయి, లోపలికి పోవడానికి రాళ్లు పట్టుకుని లాక్కోవాలి కానీ తిరిగొచ్చేటప్పుడు ఆ ప్రవాహమే మోసుకొస్తుంది, గ్యాస్ మిగులుతుంది. మెక్సికోలోని యుకటాన్ సెనోటేల్లో (నీళ్లు నిండిన సున్నపురాతి గుంటలు, గుహలు) ప్రవాహం అంతగా ఉండదు, పోయినంత కష్టం రావడానికీ ఉంటుంది, పైగా జంక్షన్లు ఎక్కువ, చుట్టూ పట్టుకుంటే విరిగిపోయే స్టాలక్టైట్లు (పైనుంచి వేలాడే సున్నపురాతి కడ్డీలు), ఉప్పు నీరు మంచి నీరు కలిసే హాలోక్లైన్‌లో చూపు మసకబారుతుంది. సైఫన్ అయితే ఇంకా ఘోరం, నీళ్లే లోపలికి లాగుతాయి, అక్కడ థర్డ్స్ అస్సలు సరిపోవు. ఒక రకంలో సుఖంగా ఉన్నాను కాబట్టి రెడీ అనుకోవద్దు.

మొసలికన్ను:
థాంక్స్ అందరికీ. పాతరీల్ అన్నా, గేజ్ చూసే ముందు ఊహించడం అనేది నేనెప్పుడూ చేయలేదు, ఈసారి నుంచి చేస్తా. నీటినీడ గారూ, మాది మొత్తం ప్రవాహం ఉన్న గుహలోనే, మీరన్నది నిజమే, ఎగ్జిట్ ఎప్పుడూ తేలిగ్గానే అయిపోయింది. పోస్ట్ మా బడ్డీకి చూపించా, విజువల్ జంప్ దగ్గర కొంచెం మెత్తబడ్డాడు. ఒక్క డౌట్, లైట్స్ అవుట్ డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ లేకుండా మేమిద్దరమే చేసుకోవచ్చా?

పాతరీల్:
ముందు నేల మీద చేయండి. చెట్ల మధ్య దారం కట్టుకుని, కళ్లకి గంతలు కట్టుకుని, ఒకరి భుజమో చెయ్యో ఒకరు పట్టుకుని, లాంగ్ హోస్ (గ్యాస్ పంచుకునే పొడవాటి గొట్టం) నోట్లో ఉన్నట్టే నడవండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. టచ్ సిగ్నల్స్ ఎంత మర్చిపోయారో అక్కడే తెలిసిపోతుంది. వాల్వ్ డ్రిల్ (ట్యాంక్ వాల్వ్‌లు మూసి తెరవడం), గ్యాస్ షేరింగ్ ఓపెన్ వాటర్‌లో. లైన్ మీద కళ్లు మూసుకుని రావడం వెలుతురు కనిపించే కావర్న్ జోన్‌లో, ఒకరు మూసుకుంటే ఇంకొకరు లైట్ వేసి కళ్లు తెరుచుకుని పక్కనే ఉండాలి, గ్యాస్ నిండుగా ఉన్నప్పుడే. లోపల టర్న్ దగ్గర సరదాగా ట్రై చేద్దాం అని మాత్రం వద్దు. లాస్ట్ లైన్ డ్రిల్ (చెయ్యి జారిన లైన్‌ని వెతుక్కోవడం) ఇద్దరే చేసుకునేది కాదు, దానికి ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి.

నీటినీడ:
దీనికి కలిపి ఇంకోటి, కోర్స్ బుక్ చేయకముందు అదే ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక రోజు మామూలు గైడెడ్ డైవ్స్‌కి వెళ్లండి, వీలైతే ప్రవాహం తక్కువున్న గుహలో. కోర్స్ ఫీజు ముందే కట్టేస్తే ఆయనకీ మీకూ వద్దు అనడం కష్టమవుతుంది, ఇలా అయితే ఇద్దరిలో ఎవరు రెడీ, ఎవరు కాదు అన్నది మొహమాటం లేకుండా చెప్తాడు. మీ బడ్డీ రెడీ కాదంటే ఆగగలరా అన్నది కూడా ముందే మాట్లాడుకోండి.