12 వోల్టుల లీనియర్‌కు వైరింగ్: మాట చీలిపోతోంది, పెద్దలు చూడగలరు

వంశధార ఒడ్డు (నరసన్నపేట)
అందరికీ నమస్కారం. హ్యామ్ రేడియో జనరల్ గ్రేడు లైసెన్సు చేతికి వచ్చి ఆరు నెలలైంది. 100 వాట్ల రిగ్ (రేడియో సెట్టు)తో 40 మీటర్ల బ్యాండులో సాయంత్రాలు బాగానే గడుస్తున్నాయి గాని, ఉరుముల రొద మొదలైతే దూరపు మిత్రులకు నా మాట అందడం లేదు. ఒక మిత్రుడు తన దగ్గర ఊరికే పడి ఉన్న 12 వోల్టుల ట్రాన్సిస్టర్ లీనియర్‌ను (రిగ్ బలాన్ని పెంచే యాంప్లిఫయరును) వాడి చూసి, నచ్చితే కొనుక్కోమని ఇచ్చారు. 20 వాట్లు లోపలికి ఇస్తే 200 వాట్ల దాకా వస్తుందని, అప్పుడు 30 ఆంపియర్లు లాగుతుందని ఆయన చెప్పారు. పవర్ సప్లై పక్క గదిలో ఉన్నందువల్ల నాలుగు మీటర్ల పొడవున 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు లాగాను. ఇప్పుడు నా అక్షరాలు చీలిపోతున్నాయనీ, 5 కిలోహెర్ట్జ్ అవతల కూడా నా గరగర వినిపిస్తోందనీ అవతలివారు మొహమాటపడుతూనే చెప్పారు. దీనినే కొనవచ్చునా, లేక పాత వాల్వు లీనియర్ వెతుక్కోవాలా? రిగ్ నుంచి లీనియర్‌కు పీటీటీ తీగ (ప్రసారం మొదలుపెట్టమని చెప్పేది) నేరుగా కలపవచ్చునా? ఈ చీలిక ఎక్కడిది?

రాగి తీగ (రాజాం)
2.5 వైరు మీద 30 ఆంపియర్లా? తమ్ముడూ, అది ఫ్యాన్లకూ ప్లగ్గులకూ వేసుకునే వైరు. లెక్క కట్టి చూడు. పోయేది నాలుగు మీటర్లు, తిరిగి వచ్చేది నాలుగు మీటర్లు, మొత్తం ఎనిమిది. రాగి నిరోధం ప్రకారం ఆ ఎనిమిది మీటర్లకు 0.055 ఓములు వస్తుంది. దానిని 30తో గుణిస్తే 1.65 వోల్టులు దారిలోనే పోతున్నాయి. బయలుదేరిన 13.8లో లీనియర్‌కు చేరేది 12 చిల్లర. శిఖరం తగిలే ప్రతి అక్షరం దగ్గర ట్రాన్సిస్టర్లు పైకి వెళ్లలేక సిగ్నల్ తల తెగిపోతోంది, నీ చీలిక అదే. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.41 వోల్టులకు దిగుతుంది, 16 వేస్తే 0.26. ఏ వెల్డింగ్ దుకాణంలో అడిగినా కేబుల్ ముక్క దొరుకుతుంది. వేరే ప్రశ్నలన్నీ ఆ తరువాత.

పాత వాల్వుల మాస్టారు (విజయనగరం)
ఈ రోజుల్లో అందరూ 12 వోల్టుల వెనకపడి, వైరు మందం గురించి కొట్టుకుంటున్నారు. నేను గంటస్తంభం దగ్గర అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లోనే 813 వాల్వుతో లీనియర్ కట్టుకున్నాను. ఆనోడు మీద 2000 వోల్టులు, ఫిలమెంటుకు 10 వోల్టుల మీద 5 ఆంపియర్లు. వాల్వుకు వోల్టులు ఎక్కువ, ఆంపియర్లు తక్కువ కాబట్టి వెల్డింగ్ కేబుళ్ల అవసరమే లేదు. యాంటెన్నా తెగిపోయినా అది కాసేపు ఎర్రబడి ఊరుకుంటుంది గాని, మీ ట్రాన్సిస్టర్లలాగా రెప్పపాటులో ప్రాణం వదలదు. నలభై ఏళ్లలో ఎందరో నా దగ్గర నేర్చుకుని వెళ్లారు. కాబట్టి బాబూ, ఆ పెట్టెను దాని యజమానికి మర్యాదగా తిరిగి ఇచ్చేసి, ఒక మంచి వాల్వు చూసుకో.

ఉద్దానం గాలి (పలాస)
మాస్టారూ, మీ అనుభవానికి దండం. అయితే విజయనగరంలో మీ గోడ దగ్గర వచ్చే 230 వోల్టులు మాకు వస్తాయని అనుకోకండి. సాయంత్రం మోటార్లన్నీ ఒక్కసారి లేచాయంటే మా వీధిలో 170 చూసిన రోజులున్నాయి. అదే నిష్పత్తిలో మీ 10 వోల్టుల ఫిలమెంటుకు అందేది 7.4 మాత్రమే. చల్లారిన ఫిలమెంటుతో ప్రసారం చేస్తే వాల్వు ఏమవుతుందో మాకంటే మీకే బాగా తెలుసు. ఇక 2000 వోల్టుల పెట్టెలో చెయ్యి పెట్టడం అనే సంగతి ఆరు నెలల కుర్రాడికి అంత తేలికగా చెప్పదగినదేనా?

పాత వాల్వుల మాస్టారు (విజయనగరం)
స్టెబిలైజరు అనే వస్తువు ఒకటి ఉన్నదని పలాసవారికి ఎవరైనా చెప్పండి. చెయ్యి పెట్టే మాటకు వస్తే, స్విచ్ ఆపాక బ్లీడరు రెసిస్టర్లు కెపాసిటర్లను ఖాళీ చేసేదాకా ఆగి, వాటిని కూడా నమ్మకుండా, పొడవైన ఎండు కర్రకు కట్టిన తీగను ఛాసిస్‌కు (పెట్టె లోహపు చట్రానికి) కలిపి ఆనోడును తాకించి, అప్పుడు మాత్రమే మూత తీయాలి. ఒక చెయ్యి జేబులోనే ఉండాలి. ఈ క్రమశిక్షణ లేనివారు 12 వోల్టులకే ఉండిపోవడం నాకు కూడా సమ్మతమే.

డమ్మీ లోడ్ (చీపురుపల్లి)
ఇంతమంది ఇన్ని చెప్పారు గాని, అసలు అక్కడ ఎన్ని వోల్టులు ఉన్నాయో కొలిచావా అని ఒక్కరూ అడగలేదు. వంశధార గారూ, యాంటెన్నా విప్పేసి, లీనియర్‌ను 50 ఓముల డమ్మీ లోడ్‌కు (యాంటెన్నాకు బదులు బలాన్ని వేడిగా మింగే రెసిస్టరుకు) కలిపి, స్థిరమైన క్యారియర్ (మాట లేని సిగ్నల్) వదిలి, మల్టీమీటరును ముందు సప్లై టెర్మినళ్ల మీద, తరువాత లీనియర్ టెర్మినళ్ల మీద పెట్టి రెండు అంకెలూ రాయండి. ఆ పైన ప్రతి అతుకు మీద విడివిడిగా, అంటే ఫ్యూజుకు ఇటూ అటూ, లగ్గుకూ వైరుకూ మధ్య కొలవండి. చేసేదంతా పది సెకన్లలో ముగించి, హీట్‌సింకును చేత్తో తడిమి, చల్లారాకే మళ్లీ మొదలుపెట్టండి.

చీలికకు ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. 100 వాట్ల రిగ్‌ను 20కి తగ్గించి వాడుతున్నారు. కొన్ని రిగ్‌లలో పవర్ ఎంత తగ్గించినా, ఏఎల్‌సీ (బలాన్ని దానంతట అదే అదుపు చేసే సర్క్యూట్) మేలుకొనేలోగా తొలి అక్షరం మీద పూర్తి బలం ఒక్కసారి దూసుకువస్తుంది. అలాంటి పోట్లు తిన్న ట్రాన్సిస్టర్లకు వైరు మార్చినా బాగుపడే యోగం ఉండదు.

ఇక వైరు సంగతి. రాజాం మిత్రుని లెక్క సరైనదే గాని వైద్యం ఖరీదైనది. పవర్ సప్లైనే బల్ల దగ్గరకు తెచ్చి ఒక్క మీటరు వైరు వాడితే, అదే 2.5 వైరులో నష్టం 0.41 వోల్టులే అవుతుంది. ఆయన కొనిపించబోయే 10 వైరుకూ సరిగ్గా అదే అంకె.

రాగి తీగ (రాజాం)
ఖరీదైన వైద్యమా? ఒక్క మీటరులో నష్టం తగ్గుతుందని నాకు తెలియదనుకున్నారా? సప్లై ఫ్యాను మోతా, స్విచింగ్ రొదా రిసీవరులోకి రాకూడదనే కదా ఆయన దానిని పక్క గదిలో పెట్టుకున్నారు. అదీగాక నష్టం తగ్గినంత మాత్రాన వైరు వేడెక్కడం ఆగదు. మీటరైనా నాలుగు మీటర్లైనా, ఒక్కొక్క మీటరు తీగలో పుట్టే వేడి ఒక్కటే. లెక్క చెప్పేవారు పూర్తిగా చెప్పాలి.

డమ్మీ లోడ్ (చీపురుపల్లి)
పక్క గది కారణాన్ని ఆయన రాయలేదు, మీరు రాశారు. వేడి మాట నిజమే, ఒప్పుకుంటాను. అయితే మనం మాట్లాడే ఎస్ఎస్‌బీ పద్ధతిలో మాటల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి సగటు కరెంటు 30 ఆంపియర్లలో సగం కూడా ఉండదు. అదే కంప్యూటరుతో నడిచే డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8 అయితే ప్రతి 15 సెకన్లలో 12.64 సెకన్ల పాటు పూర్తి కరెంటు పోతూనే ఉంటుంది. అప్పుడు వైరు, సప్లై, లీనియర్ మూడూ సగం బలంతోనే నడవాలి.

రాగి తీగ (రాజాం)
ఎఫ్‌టీ8 గురించి ఎవరు అడిగారు? అది మనుషులు మాట్లాడుకొనే పద్ధతి కాదు.

డమ్మీ లోడ్ (చీపురుపల్లి)
మీరు మాట్లాడుతున్న పద్ధతి కంటే ప్రశాంతంగానే ఉంటుంది.

నాగావళి కుర్రాడు (పాలకొండ)
పెద్దలు కోప్పడకూడదు. నా కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది, అంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడు. ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్లతో కట్టుకొనే చిన్న కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో కనిపించింది. 5 వాట్లు ఇస్తే 70 వస్తాయని దానిలో రాశారు. బోర్డు వరకే ఇస్తారు, పెట్టె మనమే చూసుకోవాలి. నరసన్నపేట అన్నయ్య కూడా అదే తీసుకుంటే ఇద్దరం కలిసి తెప్పించుకోవచ్చు కదా.

పాత వాల్వుల మాస్టారు (విజయనగరం)
నాయనా, నీ గ్రేడుకు హద్దు 50 వాట్లు. 400 వాట్ల హద్దు జనరల్ వారిది. పరీక్షలో రాసిన సంగతిని ఇంతలోనే మరిచిపోతే ఎలా?

నాగావళి కుర్రాడు (పాలకొండ)
మరిచిపోలేదు మాస్టారూ, తగ్గించి వాడుకుందామనుకున్నాను.

డమ్మీ లోడ్ (చీపురుపల్లి)
తగ్గించి వాడినా ఆ బోర్డులో లో పాస్ ఫిల్టరు (అక్కరలేని పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉన్నదో లేదో ముందు చూసుకో. ఐఆర్ఎఫ్510ను స్విచింగ్ పనుల కోసం చేశారు. మనవాళ్లు చవకగా దొరుకుతుందని రేడియోకు మళ్లించుకున్నారు. ఫిల్టరు లేకపోతే నువ్వు 7.1 మీద మాట్లాడుతుంటే మూడో హార్మోనిక్, అంటే దానికి మూడు రెట్లైన 21.3 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. అదీ మన బ్యాండే, వినేవాళ్లు ఉంటారు. బ్యాండుకొక ఫిల్టరు కట్టడం ఆ బోర్డు కట్టడం కంటే పెద్ద పని.

ఉద్దానం గాలి (పలాస)
నేను మొదటి ప్రశ్న దగ్గరకు వస్తాను. 100 వాట్లను 400 చేస్తే వచ్చేది 6 డెసిబెల్స్, అంటే అవతలివారి మీటరు మీద ఒకే ఒక్క ఎస్ యూనిట్ (సిగ్నల్ బలానికి కొలత). నరసన్నపేట మిత్రుడు 200కే వెళుతున్నారు కాబట్టి అర యూనిట్. ఉరుముల రొద ఎస్9 దగ్గర ఉన్నప్పుడు ఆ అర యూనిట్ ఏం చేస్తుంది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. అప్పటికి నా దగ్గర కూడా 12 వోల్టుల లీనియర్ ఒకటి ఉండేది. ఎంతో గొప్పగా చూసుకొనేవాడిని. తెల్లారేసరికి స్తంభాలు పడిపోయి ఉన్నాయి, కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పేవారు లేరు, నా డైపోల్ యాంటెన్నాను కట్టిన రెండు కొబ్బరి చెట్లూ నేలమీద ఉన్నాయి. మిగిలింది కారు బ్యాటరీ ఒక్కటే. లీనియర్ పెడితే ఆ బ్యాటరీ పూట గడవదని దానిని మంచం కిందకు తోసేసి, రిగ్‌ను 20 వాట్లకు తగ్గించి, డాబా మీద వెదురు గడ నాటి, ఇటు పది మీటర్లు, అటు పది మీటర్లు తీగను వాలుగా దించి 40 మీటర్ల మీద పిలిచాను. పగటి పూట విశాఖ నుంచి ఎంత తేటగా జవాబు వచ్చిందో ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ తరువాత లీనియర్‌ను అమ్మేసి, ఆ డబ్బుతో ఇనుప మాస్టు వేయించుకున్నాను.

పాత వాల్వుల మాస్టారు (విజయనగరం)
హుద్‌హుద్ రోజుల్లో, అంటే 2014 అక్టోబరు 12 తరువాత, మేమూ బ్యాటరీల మీదే నడిపించాము. ఆ విషయంలో పలాసవారితో పేచీ లేదు. కాని తుపాను ఏడాదికి రెండు రోజులు. మిగిలిన రోజుల్లో బలం లేని స్టేషనును పిలిచేవారు ఉండరు.

వీణల వీధి (బొబ్బిలి)
నరసన్నపేట కుర్రాడు అడిగిన పీటీటీ ప్రశ్నను ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. నాకు ఆ గాయం ఉంది కాబట్టి నేను చెబుతాను. ఒక పాత వాల్వు లీనియర్ కొన్నాను. వెనకనున్న పీటీటీ రిలే (కరెంటుతో నడిచే స్విచ్) సాకెట్టును కొత్త రిగ్‌కు నేరుగా కలిపాను. ఆ కాలపు కొన్ని లీనియర్లలో ఆ తీగ మీద 100 వోల్టులకు పైగా నిలబడి ఉంటుందని నాకు అప్పటికి తెలియదు. రిగ్ లోపలి కీయింగ్ ట్రాన్సిస్టర్ మొదటి నొక్కులోనే పోయింది. ఆ చిటికెడు ట్రాన్సిస్టర్ కోసం రిగ్‌ను పార్సిల్ చేసి, రెండు నెలలు ఖాళీ బల్ల ముందు కూర్చున్నాను.

కాబట్టి ఏ లీనియర్ అయినా సరే, ముందు ఆ తీగ విప్పి ఉండగా దాని మీద వోల్టేజిని, ఛాసిస్‌కు కలిపినప్పుడు పారే కరెంటును కొలవండి. ఆ రెండూ మీ రిగ్ పుస్తకంలో రాసిన హద్దుల లోపల ఉంటేనే నేరుగా కలపండి, లేకపోతే మధ్యలో ఒక చిన్న 12 వోల్టుల రిలే పెట్టండి. ఏ రిలే అయినా కాయిల్ మీద తిరగేసి ఒక డయోడు తప్పకుండా ఉండాలి. రిలే వదిలేటప్పుడు వెనక్కి తన్నే పోటు 12 వోల్టుల కాయిల్‌లో కూడా చిన్నదేమీ కాదు.

రాగి తీగ (రాజాం)
ఇంతకీ వైరు మార్చారా లేదా?

వంశధార ఒడ్డు (నరసన్నపేట)
ఆలస్యానికి మన్నించండి. రెండు రోజులు కరెంటు కోతలతో సరిపోయింది. ఈ ఉదయం చీపురుపల్లి వారు చెప్పినట్టే డమ్మీ లోడ్ మీద కొలిచాను. ప్రసారంలో సప్లై దగ్గర 13.6, లీనియర్ దగ్గర 11.2. తేడా 2.4 వోల్టులు. రాజాం అన్నయ్య లెక్క ప్రకారం వైరులో 1.65 పోవాలి, కొలిస్తే అంతే పోతోంది. మిగిలిన 0.75 కోసం ఒక్కొక్క అతుకూ వెతుక్కుంటూ వెళితే, లీనియర్‌తో పాటు వచ్చిన గాజు ఫ్యూజు పెట్టె దగ్గర దొరికింది. చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉంది. 30 ఆంపియర్ల దగ్గర అది 22 వాట్లు, దాదాపు ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. లోపలి స్ప్రింగు నల్లబడి, ప్లాస్టిక్కు ఒక పక్కకు వంగిపోయింది.

దానిని తీసేసి, కార్లకు వాడే బిగింపు ఫ్యూజును లీనియర్ దగ్గర కాకుండా సప్లై చివర పెట్టాను. నడవాలో ఉన్న బీరువాను జరిపి సప్లైని ఒక మీటరు దూరానికి తెచ్చాను, పైగా 10 వైరు కూడా వేశాను. ఇప్పుడు లీనియర్ దగ్గర 13.4 ఉంది. మొదట గరగర అన్నవారే ఈ రోజు మాట తేటగా ఉందన్నారు. పీటీటీ తీగ మీద 12 వోల్టులే ఉన్నాయి, కరెంటు కూడా రిగ్ పుస్తకం చెప్పిన హద్దులోనే ఉంది. డయోడు మాత్రం లోపల లేదు, నేనే అతికించాను.

రాగి తీగ (రాజాం)
2.4లో 1.65 ఎవరు చెప్పారో అందరూ గమనించాలి.

డమ్మీ లోడ్ (చీపురుపల్లి)
కొలవమని ఎవరు చెప్పారో కూడా.

పాత వాల్వుల మాస్టారు (విజయనగరం)
సంతోషం. అన్నట్టు, నా 813కు పింగాణీ సాకెట్టు పగిలిపోయింది. విశాఖ పాత సామాన్ల దుకాణాలలో ఎవరికైనా కనిపిస్తే చెప్పగలరు, ధర నేనే ఇస్తాను.

వంశధార ఒడ్డు (నరసన్నపేట)
తప్పకుండా చూస్తాను మాస్టారూ. కాని కొనవచ్చునా లేదా అన్న నా మొదటి ప్రశ్న ఇంకా అలాగే ఉండిపోయింది.

పాత డ్రాయరు (టెక్కలి)
ఆ లీనియర్ నాదే. మొదటి నుంచీ చదువుతున్నాను గాని సిగ్గుపడి రాయలేదు. ఆ గాజు ఫ్యూజు పెట్టె నేను బిగించినదే, నా దగ్గర కూడా వేడెక్కేది, చిన్న ఫ్యాను పెట్టి గడిపేశాను. కొనే ముందు మూత విప్పి చూసుకో. ట్రాన్సిస్టర్ల జతను ఒకసారి మార్పించాను. బజారులో అంకె చెరిపి మళ్లీ ముద్రించిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి, నాకు అంటగట్టినవి అసలువో కావో నేను హామీ ఇవ్వలేను. 200 వాట్ల మాట కూడా పెట్టె మీద రాసిన అంకే, నా మీటరు మీద 160 దాటలేదు. మనం అనుకున్న ధరలో ఆ మేరకు తగ్గించుకుందాము. ఆదివారం వస్తాను, నీ డమ్మీ లోడ్ సిద్ధంగా ఉంచు.