ఏడీస్ ప్యూపిల్: కొన్నేళ్ళ తరువాత ఆ కన్ను ఎలా ఉంటుంది?

ప్రశ్న (కరీంనగర్ అన్న)

మా చెల్లెలికి 29 ఏళ్ళు. గత వేసవిలో ఎడమ కంటిపాప కుడిదానికంటే బాగా పెద్దదిగా కనిపించింది. చదవబోతే ఆ కంటికి అక్షరాలు అలికినట్లు ఉండేవి, ఎండలో కన్ను తెరవలేకపోయేది. కంటి వైద్యులు కంటిపాపను ముడిచే పైలోకార్పిన్ అనే మందును బాగా పలచన చేసి, ఆ చుక్కలను రెండు కళ్ళలోనూ వేశారు. ఎడమ కంటిపాప మాత్రమే చిన్నదవడం చూసి, ఇది ఏడీస్ ప్యూపిల్ అని నిర్ధారించారు. మోకాలి కింద సుత్తితో తట్టినా కాలు కదలడం లేదని నరాల వైద్యులు రాశారు. ఎంఆర్ఐలో ఏ దోషమూ కనిపించలేదు. ప్రమాదం లేదని అందరూ అంటున్నారు కానీ, పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఈ కన్ను ఎలా ఉంటుందో వివరంగా చెప్పినవారు లేరు. ఇంట్లో పెద్దవాళ్ళు ఇది పక్షవాతానికి ముందు సూచనేమోనని భయపడుతున్నారు. సంబంధాలు చూస్తున్న సమయం కనుక, పిల్లలకు వస్తుందా అన్న సందేహం కూడా ఉంది.

జవాబు (కంటి వైద్యురాలు, విశాఖపట్నం)

ముందుగా పెద్దవాళ్ళ భయం గురించి చెబుతాను. దెబ్బ తగిలింది మెదడుకు కాదు, కంటిగుడ్డు వెనుక ఉండే సిలియరీ గ్యాంగ్లియన్ అనే చిన్న నాడీ ముడికి. చాలామందిలో కారణం తెలియదు, కొందరిలో వైరస్ జ్వరం తరువాత మొదలవుతుంది. ఇది పక్షవాతానికి దారితీయదు, చూపును పోగొట్టదు. పూర్వం ఇటువంటి కంటిపాపను, స్పందించని మోకాలిని కలిపి చూసి సిఫిలిస్ నరాలకు పాకిందని అనుమానించేవారు. 1931లో గోర్డన్ హోమ్స్, విలియం జాన్ ఏడీ అనే నరాల వైద్యులు ఎవరికి వారు రాసిన వ్యాసాలతో ఇది వేరే స్థితి అని స్పష్టమైంది. నిరపాయకరమైనదన్న మాట ఏడీ తన వ్యాసం శీర్షికలోనే పెట్టాడు.

ఇక కాలక్రమం. ఆ ముడి నుంచి బయలుదేరే నాడీ తంతువుల్లో అత్యధిక భాగం దగ్గరి చూపును సర్దే సిలియరీ కండరానికి వెళతాయి, కంటిపాపను ముడిచే కండరానికి వెళ్ళేవి నూటికి మూడు నాలుగు మాత్రమే. దెబ్బతిన్న తంతువులు తిరిగి పెరిగేటప్పుడు, సంఖ్యలో ఎక్కువైన దగ్గరి చూపు తంతువులే తమ చోటుకు చేరడంతోపాటు, దారి తప్పి కంటిపాప కండరంలోకి కూడా ప్రవేశిస్తాయి. అందువల్ల మీ చెల్లెలికి చదివేటప్పటి ఇబ్బంది కొన్ని నెలల నుంచి రెండేళ్ళలోపు చాలావరకు తగ్గుతుంది. కానీ వెలుతురుకు కంటిపాప ముడుచుకోవడం మాత్రం సాధారణంగా తిరిగి రాదు. దగ్గరి వస్తువును చూస్తే నెమ్మదిగా ముడుచుకుని, దూరం చూసినప్పుడు అంతకంటే నెమ్మదిగా విప్పుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పెద్ద కంటిపాప క్రమంగా చిన్నదవుతుంది, కొందరిలో రెండో కంటిపాప కంటే కూడా చిన్నదిగా మారుతుంది. అప్పుడు ఎండ బాధ తగ్గినా, చీకట్లోకి వెళ్ళినప్పుడు ఆ కన్ను అలవాటు పడటానికి సమయం పడుతుంది.

రెండో కంటికి రాదని హామీ ఇవ్వలేము. అమెరికాలోని అయోవాకు చెందిన కంటి వైద్యుడు స్టాన్లీ థాంప్సన్ పరిశీలన ప్రకారం ఏడాదికి సుమారు నూటికి నలుగురిలో రెండో కన్ను కూడా చేరుతుంది. మోకాలు, మడమల స్పందన తిరిగి రాదు, మరికొన్ని చోట్ల కూడా తగ్గవచ్చు. దానివల్ల నడకకు గానీ బలానికి గానీ లోటు రాదు. ఇది సాధారణంగా వంశపారంపర్యం కాదు కనుక సంబంధాల విషయంలో సంకోచించనవసరం లేదు.

జవాబు (నరాల వైద్య విద్యార్థి)

పై వివరణకు ఒక చేర్పు. కొద్దిమందిలో కంటిపాపతోపాటు ఒంటిమీద అక్కడక్కడ చెమట పట్టడం ఆగిపోతుంది. దీన్ని రాస్ సిండ్రోమ్ అంటారు. చల్లని దేశాల్లో ఎవరూ గమనించకపోవచ్చు గానీ, రామగుండం ఎండల్లో చెమట పట్టని శరీరం త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి వచ్చే వేసవిలో ఒక పక్క వీపో చేయో పొడిగా ఉండి, మరోపక్క విపరీతంగా చెమట పడుతుంటే వైద్యులకు చెప్పండి. కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, తీవ్రమైన తలనొప్పి వంటివి వస్తే మాత్రం పాత వ్యాధేలే అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అవి కంటిని, కనురెప్పను కదిలించే మూడవ కపాల నాడికి సంబంధించిన లక్షణాలు కావచ్చు. పల్లెల్లో ఉమ్మెత్త రసం చేతికి అంటి, ఆ చేత్తో కన్ను నలుపుకున్నా కంటిపాప ఇలాగే పెద్దదవుతుంది. అయితే అది కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, పలచని పైలోకార్పిన్‌కు లొంగదు. మీ చెల్లెలి పరీక్ష ఫలితం ఆ అనుమానానికి తావివ్వడం లేదు.

జవాబు (రాజమండ్రి టీచరు)

నాకు ఇది వచ్చి పదేళ్ళు దాటింది. మొదటి ఏడాది ఆ కంటికి విడిగా దగ్గరి చూపు పవరు పెట్టించుకున్నాను, తరువాత దాని అవసరం తగ్గిపోయింది. పైలోకార్పిన్ పలచన చుక్కలు వేస్తే ఎండలో హాయిగానే ఉండేది కానీ, కనుబొమ్మ దగ్గర నొప్పి వచ్చి, దూరపు చూపు మసకబారేది, అందుకని మానేశాను. మందుల షాపులో దొరికే 2 శాతం చుక్కలను ఇంట్లో నీళ్ళతో కలుపుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఇంకొకటి: వైద్యుల చేత ఒక చిన్న కాగితం రాయించి పర్సులో ఉంచమనండి. ఎప్పుడైనా బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, టార్చి వేసి చూసే వైద్యులు అసమానమైన కంటిపాపలను మెదడులో రక్తస్రావంగా భావించే అవకాశం ఉంది. నిజంగా దెబ్బ తగిలినప్పుడు స్కాన్ వద్దని చెప్పడం ఆ కాగితం ఉద్దేశం కాదు, కంటిపాప తేడా పాతదని తెలియడానికే.

కరీంనగర్ అన్న

అందరికీ కృతజ్ఞతలు. చెమట విషయం ఎవరూ అడగలేదు, కనుక్కుంటాను. టీచరు గారూ, ఎండకు వాటంతట అవే నల్లబడే కళ్ళద్దాలు తీసుకోమంటారా? ఆమె రోజూ కారు నడుపుతుంది.

రాజమండ్రి టీచరు

వీధిలో నడవడానికి అవి బాగుంటాయండీ. కారులో మాత్రం అంతగా పనిచేయవు. వాటిని నల్లబరిచేది అతినీలలోహిత కిరణాలు, ముందు అద్దం వాటిలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. బండి నడపడానికి మామూలు చలువ కళ్ళద్దాలు వేరే ఉంచుకోమనండి, రాత్రిళ్ళు మాత్రం అవి పెట్టుకోకూడదు.