ఎంఎంఏకు ఇంకా వెయిట్ కేటగిరీలు కావాల్నా? 155కు, 170కు నడుమ పంచాయితీ

పానగల్_పిడికిలి:
మన జిల్లా ఎంఎంఏ (బాక్సింగు, కుస్తీ అన్నీ కలిసిన కొట్లాట ఆట) అమెచ్యూర్ పోటీకి ఎన్ని బరువు విభాగాలు పెట్టాలె అన్న కాడ మాట తెగలేదు, అందుకే ఈడ తెరుస్తున్న. అమెరికా పెద్ద ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీల మగోళ్లకు 8 విభాగాలు: 125, 135, 145, 155, 170, 185, 205, 265 పౌండ్లు. కింద పది పది తేడా, 155 దాటంగనే పదిహేను, తర్వాత ఇరవై, ఆఖరికి ఏకంగా అరవై. ఈ పోటీలను అదుపు చేసే అమెరికా కమిషన్ల సంఘం ఏబీసీ 2017లనే 165, 175, 195, 225 ఒప్పుకున్నది. యూఎఫ్‌సీ వాటి జోలికే పోలేదు. బాక్సింగుకు 17 ఉంటే దీనికి 8 ఎట్ల సరిపోతయ్? ముందుగాల 165 రావాలె. మన పోటీల కూడా 70.3 కిలోల (155 పౌండ్లు) నుంచి 77.1కు (170) దుంకుడు ఉండొద్దు, నడుమ 74.8 (165) పెట్టాలె.

పాలమూరు_పట్టు:
పిడికిలన్నా, పౌండ్లు కాదు, శాతం చూడు. 125 నుంచి 135కు 8 శాతం. 155 నుంచి 170కు 9.7. 170 నుంచి 185కు 8.8. నువ్వు అగాధం అంటున్న దానికి, ఎవ్వరూ నోరెత్తని 125–135కు తేడా రెండు శాతం లోపే. అసలు బొంద 205 నుంచి 265 కాడ ఉన్నది, 29 శాతం. ఆడ 225 పెట్టుమని ఎవ్వరూ గట్టిగ కొట్లాడరు, ఎందుకంటే ఆ బరువుల పనికొచ్చే ఫైటర్లే తక్కువ. ఉన్నోళ్లను రెండు ముక్కలు చేస్తే రెండూ పలచబడతయ్.

ఇంకోటి. 165 పెట్టి 170ని అట్లనే ఉంచుతవా? తేడా 3 శాతం. కుదరదు. 170ని 175కు జరపాలె. జరిపితే పాత చాంపియన్ బెల్టు పట్టుకొని కిందికి పోవాల్నా, మీదికి పోవాల్నా? గీ ముచ్చట ఎవ్వరూ చెప్పరు.

జడ్చర్ల_జిమ్:
శాతాలు కాగితం మీద మంచిగనే ఉంటయ్. యూఎఫ్‌సీ ఫైటర్ కెవిన్ లీని చూడు. 2017 అక్టోబర్‌ల టైటిల్ ఫైట్‌కు మొదటి తూకంల ఒక పౌండ్ ఎక్కువొచ్చిండు, మళ్ల ఎక్కి 155 పట్టిండు. 2018 ఏప్రిల్‌ల మళ్ల ఒక పౌండ్ తప్పిండు. 2019ల 170కు పోతే డోస్ అంజోస్ చేతుల ఓడిండు. 165 కావాలని ఆయన నోరు తెరిచి అడిగిందే. అదే 155 కోసం 2017 మార్చిల ఖబీబ్ ఆసుపత్రి పాలై, ఫెర్గూసన్‌తోని ఫైట్ రద్దయింది. ఇది చాలదా?

దేవరకొండ_రెఫరీ:
జిమ్ తమ్ముడూ, నువ్వు చెప్పిన ఉదాహరణలు నిజమే. కానీ వాటికి మందు కొత్త విభాగం కాదు. లెక్క చూడండి. మామూలు బరువు 82 కిలోలున్న మనిషి 70.3కు దిగాలంటే 11.7 కిలోలు పోవాలి, అంటే 14 శాతం. 74.8 విభాగం వస్తే 7.2 కిలోలతో సరిపోతుంది, 9 శాతం. ఇంతవరకు బాగుంది. మరి ఇప్పుడు 77.1లో ఆడుతున్న 86 కిలోల మనిషి ఊరుకుంటాడా? అతనూ 74.8కే దిగుతాడు, 11.2 కిలోలు పోగొట్టుకుని. ఆ 82 కిలోల మనిషికి ఎదురుగా నిలబడేది అతనే. అది చూసి ఇతను మళ్లీ 70.3కే పోతాడు. గీత ఎక్కడ గీసినా మీద ఉన్నవాడు దాని కిందికి దూరాలనే చూస్తాడు.

దిగే పద్ధతి తెలిసిందే. ముందు రోజుకు ఆరేడు లీటర్ల నీళ్లు తాగి, చివరి రెండు రోజులు గొంతు తడుపుకునేంతకు తగ్గిస్తారు. ఉప్పు మానేస్తారు. అన్నం, రొట్టె మానేస్తారు, ఎందుకంటే కండలో దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజన్ (పిండిపదార్థం నిల్వ) దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. మిగిలినది వేడినీళ్ల తొట్టి, రబ్బరు సూట్. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో ఆ సూట్ వేసుకుని పరుగెత్తిస్తే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, లోపలి వేడి పెరుగుతూనే పోతుంది. మాట తడబడటం, అడుగు తూలడం కనిపించిందంటే అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే సూట్ విప్పి, చల్లనీళ్లు పోస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ సూట్లను పోటీ నిబంధనల్లోనే నిషేధించాలని నా అభిప్రాయం.

2015 డిసెంబర్‌లో యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా ఫైటర్ వన్ చాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థ పోటీకి ముందు బరువు తగ్గే ప్రయత్నంలో మనీలాలో చనిపోయాడు. ఒంట్లో నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, అందుకే ఆ తర్వాత ఆ సంస్థ మూత్రం చిక్కదనం పరీక్ష తెచ్చింది. స్పెసిఫిక్ గ్రావిటీ (నీటితో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.025 దాటితే తూకం చెల్లదు.

పానగల్_పిడికిలి:
రెఫరీ సార్, మన బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి చెప్పున్రి మరి. నిజామాబాద్ బిడ్డ, 2022ల 52 కిలోల ప్రపంచ చాంపియన్. పారిస్ ఒలింపిక్స్‌ల 52 లేనే లేదు, 50 తర్వాత సీదా 54. అందుకే 50కు దిగింది. కుస్తీల వినేశ్ ఫోగట్ అసలు విభాగం 53, ఒలింపిక్స్ కోసం 50కు దిగి, ఫైనల్ పొద్దున 100 గ్రాములు ఎక్కువొచ్చి అనర్హురాలైంది. విభాగాలు తక్కువైతే ఏమైతదో ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలె? ఇంకొక మాట, ఆటనాడే తూకం పెడితే బరువు కోత తగ్గుతదంటరు. కుస్తీల తూకం ఆటనాడు పొద్దుననే. మరి ఆ పద్ధతి వినేశ్‌ను కాపాడిందా?

పాలమూరు_పట్టు:
నిఖత్ సంగతి ఒప్పుకుంటున్న. ఆడ ఆమె విభాగమే పెట్టలేదు, అది అన్యాయమే. వినేశ్ సంగతి వేరే. ఒలింపిక్స్‌ల 53 ఉండె, ఆ కోటా ఇంకో అమ్మాయి తెచ్చుకున్నది. దేశానికి ఒక్క విభాగంల ఒక్కరే. విభాగం లేక కాదు, సీటు లేక దిగింది. రెండో రోజు మళ్ల తూకం ఉండుడు కుస్తీ తంటా. మొదటి రోజు మూడు కుస్తీలు పట్టి, నీళ్లు తాగి, తిన్నంక బరువు 50 కంటె 2.7 కిలోలు మీదికొచ్చింది. రాత్రంతా బరువు దించినా 100 గ్రాములు మిగిలినయ్. మన పోటీ ఒక్క దినంల అయిపోతది, ఆ బాధ లేదు.

జడ్చర్ల_జిమ్:
మూత్రం పరీక్షను మోసం చేసుడు సులువు. తూకం అయినంక లీటర్ నీళ్లు తాగి పోతే పలచగనే వస్తది. అప్పుడేం చేస్తరు సార్?

దేవరకొండ_రెఫరీ:
అందుకే రెండూ ఒకే గదిలో, వెంటవెంటనే. ముందు మూత్రం, ఆ వెంటనే కాటా. పలచన కావడానికి లీటర్ తాగితే కాటా మీద కిలో పెరుగుతుంది. చిక్కదనం చూసే రిఫ్రాక్టోమీటర్ చేతిలో పట్టే గొట్టం లాంటి పరికరం. ముందు శుద్ధి చేసిన నీటి చుక్కతో గీత 1.000 మీద నిలిచిందో లేదో చూసుకోవాలి. తర్వాత అద్దం తుడిచి రెండు చుక్కల నమూనా వేసి, మూత మూసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసిన చోటే అంకె. నమూనా ఇచ్చేటప్పుడు అధికారి ఎదుట ఉండాలి, లేకుంటే వేరేవాళ్ల సీసా వస్తుంది.

యూఎఫ్‌సీ 2016లో తూకాన్ని ముందు రోజు సాయంత్రం నుంచి ముందు రోజు పొద్దుటికి జరిపింది. ఒంట్లోకి నీళ్లు మళ్లీ ఎక్కించుకోవడానికి ఎక్కువ సమయం దొరకాలని. నా దృష్టిలో అది ఇంకా పెద్ద బరువు కోతకు ధైర్యమిచ్చింది. మనం ఆట రోజు పొద్దున్నే ఏడింటికి తూకం, పదకొండింటికి మొదటి ఫైట్ పెడదాం. నాలుగు గంటల్లో పది కిలోలు తిరిగి రావు కాబట్టి, దిగేవాడు ముందే ఆలోచిస్తాడు. అయినా కొందరు దిగుతారు, ఎండిన ఒంటితో తలమీద దెబ్బలు తింటారు. ఆ భయం ఉంది కాబట్టే మూత్రం పరీక్ష వదలొద్దంటున్నాను.

పాలమూరు_పట్టు:
విభాగాల సంఖ్య మీద నా మాట. 32 మంది వచ్చిన్రనుకో. 8 విభాగాలైతే సగటున నలుగురు. 12 పెడితే ముగ్గురు కూడ ఉండరు. మన దగ్గర జనం ఉండేదే 56 నుంచి 66 కిలోల నడుమ, 84ల ఒక్కడే నిలబడి ఆడకుండనే పతకం ఏసుకొని పోతడు. అంతకంటె తూకం అయినంక జతలు కట్టుడు మంచిది. ఇద్దరి నడుమ తేడా 5 శాతం దాటొద్దు. 60 కిలోలోనికి 57 నుంచి 63 దాకా. గీత ఎక్కడుంటదో ముందు తెల్వకపోతే దేని కోసం బరువు కోస్తడు?

జడ్చర్ల_జిమ్:
కోచ్‌లు గోల చేస్తరు, ‘మా వోనికి కావాలనే గట్టోన్ని పెట్టిన్రు’ అని. బరువుతోని పాటు ఎన్ని ఫైట్లు ఆడిండో కూడ రాసుకోవాలె. తొలిసారి ఆడేటోనికి పది ఆడినోన్ని పెడితే 1 శాతం తేడా ఉన్నా లాభం లేదు.

మిర్యాలగూడ_కాటా:
ఇంత మాట్లాడిన్రు, కాటా ముచ్చట ఎవ్వరూ ఎత్తలేదు. మిల్లుల బస్తాలు తూచే పెద్ద కాటా తెచ్చి పెడదామంటే వద్దు. అవి శానా మట్టుకు 50 లేకుంటే 100 గ్రాముల మెట్టుతోని చూపిస్తయ్. వినేశ్ పోయింది 100 గ్రాములతోనే గద. 10 లేదా 20 గ్రాముల మెట్టుది తేవాలె, తూనికలు కొలతల శాఖ ముద్ర ఆ ఏడాదిది ఉండాలె. బండల మీద పెట్టాలె, కార్పెట్ మీద పెడితే తప్పు చూపిస్తది. నీటిమట్టం బుడగ నడుమకు వచ్చేదాక కాళ్లు తిప్పాలె. ఫ్యాన్ బంద్ చేయాలె. ముద్ర ఉన్న 20 కిలోల గుండ్లు మూడు తెచ్చి, 60 చూపిస్తుందా అని అందరి ముందర చూపెట్టాలె, యాభై మంది ఎక్కినంక మళ్లొకసారి. ఆ కాటానే ముందు రోజు సాయంత్రం ప్రాక్టీసుకు తెరిచి పెట్టాలె, ఎవరింటి కాటా ఎంత అబద్ధం చెప్తుందో ఆన్నే తెలుస్తది.

పానగల్_పిడికిలి:
కాటా ముచ్చట ఒప్పుకున్న. జతలు కట్టుడు కూడ అమెచ్యూర్ వరకు ఒప్పుకున్న. ప్రొఫెషనల్‌కు మాత్రం 165 రావాల్సిందే, ఆడ తూకమైనంక జతలు కట్టలేరు, టికెట్లు నెలల ముందే అమ్ముతరు. గుండ్లు ఎవరి దగ్గర దొరుకుతయో చెప్పు కాటన్నా, మూడు సరిపోతయా, 80 దాక చూడాలంటే నాలుగు కావాల్నా?

మిర్యాలగూడ_కాటా:
నాలుగు తే. 77 కాడ తప్పు చూపిచ్చే కాటా 60 కాడ సరిగ్గనే చూపియ్యొచ్చు.