కీర్తనలు 111:2లో ‘విచారించుదురు’ అంటే ఏమిటి?

ప్రశ్న (మధురవాడ నుంచి):
“యెహోవా క్రియలు గొప్పవి, వాటియందు ఇష్టముగలవారందరు వాటిని విచారించుదురు.” సండే స్కూలులో ఈ వచనం చదివించగానే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, “ఇష్టం ఉన్నవాళ్లు విచారించడం ఎందుకండీ?” అని అడిగాడు. వాడికి తెలిసిన విచారం దిగులే. ‘ధ్యానిస్తారు’ అని చెప్పవచ్చునా? పెద్దలు చెప్పగలరు.

పెదవాల్తేరు సభ్యురాలు:
ధ్యానం అని సర్దిచెప్పకండి, వచనంలోని సత్తువంతా పోతుంది. ఆత్మవిచారం, కోర్టు విచారణ, బంధువుల క్షేమం విచారించడం, వీటిలో దిగులు ఎక్కడుంది? ఒక విషయం చుట్టూ తిరిగి, అడిగి, ఆరా తీసి తెలుసుకోవడమే ఆ మాటకు అసలు అర్థం. హీబ్రూలో ఇక్కడున్న ధాతువు ‘దరష్’. వెతకడం, అడిగి తెలుసుకోవడం అని దానర్థం. యూదుల లేఖన వ్యాఖ్యానాలకు మిద్రాష్ అనే పేరు వచ్చింది దాని నుంచే.

నేను భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఈ వచనం మీద నాకు ప్రత్యేకమైన మమకారం. కేంబ్రిడ్జిలో 1874లో తెరిచిన కావెండిష్ ప్రయోగశాల తలుపు మీద దీన్నే లాటిన్‌లో చెక్కారు. అక్కడి మొదటి ఆచార్యుడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. విద్యుత్తును, అయస్కాంతత్వాన్ని, కాంతిని ఒకే సమీకరణాల కిందికి తెచ్చిన ఆయన గాఢమైన క్రైస్తవ విశ్వాసి. ఆ ప్రయోగశాలలోనే 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను, 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నారు. 1970లలో కొత్త భవనాలకు మారినప్పుడు అదే వచనాన్ని ఇంగ్లిషులో మళ్లీ పెట్టించారు. కొలిచి, తూచి, తప్పయితే మళ్లీ మొదలుపెట్టే చోట ‘ధ్యానించుదురు’ అని రాస్తే అతుకుతుందా? మీ అబ్బాయికి ‘ఆరా తీస్తారు’ అని చెప్పండి.

గాజువాక సభ్యుడు:
మరి “ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు” అన్నది కూడా వాక్యమే కదా! మా సంఘంలో కొందరు పెద్దలకు పరిశోధన అనే మాటే శోధనలాగా వినిపిస్తుంది. ఈ భయానికి ఏమి చెప్పాలి?

పెదవాల్తేరు సభ్యురాలు:
మత్తయి 4లో సందర్భం చూడండి. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దేవుడు పట్టుకుంటాడో లేదో చూద్దాం అన్నది అక్కడి శోధన. అంటే దేవుడిని సాక్ష్యం చెప్పమని నిలదీయడం. ఆయన చేసిన సృష్టిని పరిశీలించడం పూర్తిగా వేరే పని. సామెతలు 25:2లో “సంగతి శోధించుట రాజులకు ఘనత” అని ఉంది. అపొస్తలుల కార్యములు 17లో బెరయవారు పౌలు చెప్పినదాన్ని కూడా ఊరికే ఒప్పుకోలేదు, అది నిజమో కాదో అని ప్రతిదినమూ లేఖనాలు ‘పరిశోధించుచు వచ్చిరి’. లూకా దాన్ని వారి ఘనతగా రాశాడు. ఇంతకంటే ఏ అనుమతి కావాలండీ?

జ్ఞానాపురం సభ్యుడు:
మా కతోలికులకు ‘విచారణ’ రోజూ వాడే మాట. ఒక గురువు బాధ్యతలో ఉండే సంఘాన్ని విచారణ అంటాం, ఆయనను విచారణ గురువులు అంటాం. ఇక్కడ విచారించడమంటే దగ్గరుండి చూసుకోవడం. ఆ అర్థాన్ని కూడా ఈ వచనంలోకి తెచ్చుకోవాలని నా కోరిక. సృష్టి ఎలా పనిచేస్తుందో తెలుసుకునేవారే దాని బాగోగులు కూడా చూడాలి కదా.

అయితే మా సభ చరిత్రలో నొప్పి కలిగించే పుట కూడా ఉంది. “కదలకుండునట్లు భూలోకము స్థిరపరచబడియున్నది” అన్న 93వ కీర్తన మాటను, అలాంటి మరికొన్ని వచనాలను భూమి తిరగదనడానికి రుజువులుగా చదివారు. 1633లో గెలీలియోకు శిక్ష వేశారు. కీర్తనను పాటగా పాడుకోకుండా ఖగోళ పాఠంగా పట్టుకుంటే ఎంత అన్యాయం జరుగుతుందో చూడండి. దీనికి పూర్తిగా ఎదురు నడిచిన మనిషి కూడా మా గురువే, బెల్జియం దేశపు జార్జ్ లమేత్ర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో, అదంతా ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించారు. 1951లో పన్నెండవ పయస్ పోపు ఇలాంటి సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా మాట్లాడితే లమేత్ర్‌కే నచ్చలేదు. తన సిద్ధాంతాన్ని మత ప్రశ్నలకు బయటే ఉంచాలన్నది ఆయన పట్టుదల. ఉదయం పూజ చేసే చేతులతోనే సమీకరణాలు రాసినా, ఒకదాని బరువు ఇంకొకదాని మీద మోపలేదు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

డాబా గార్డెన్స్ సభ్యురాలు:
1874 అనగానే మన ఊరు గుర్తుకొచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు విశాఖలో అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని గమనించి నమోదు చేశారు. ఆయన గమనించింది తన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు మా డాబా గార్డెన్స్‌లోనే నెలకొల్పిన వేధశాల (గ్రహాలను, నక్షత్రాలను పరిశీలించే చోటు) నుంచే. వీరు క్రైస్తవులు కారు. మరి కీర్తన చెప్పే ‘ఇష్టముగలవారందరు’లో వీరు కూడా ఉన్నట్టేనా?

పెదవాల్తేరు సభ్యురాలు:
ఉన్నట్టే అని నేను నమ్ముతాను. ‘అందరు’ మన అనువాదకులు చేర్చింది కాదు, హీబ్రూలోనే ఉంది. ఆ మాటకు కీర్తనకారుడు పెట్టిన షరతు ఒక్కటే, ఇష్టం. మధురవాడ వారూ, మీ పిల్లలకు నరసింగరావు గారి సంగతి కూడా తప్పకుండా చెప్పండి.