ఎనభై వేలకు పాత ఆల్టో: తీసుకోవాలా, వదిలేయాలా?

పరకాల పోరడు
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. నేను హన్మకొండలో రూము తీసుకుని మెడికల్ షాపులో పని చేస్తున్నా. బాపుకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నెలకు రెండుసార్లు వరంగల్ తీసుకొచ్చి డాక్టరుకు చూపించాలి. బస్సు మెట్టు ఎక్కలేడు, బైకు మీద కాలు మడవలేడు. ప్రతిసారీ కారు కిరాయికి మాట్లాడితే జీతం దానికే పోతోంది. మేనమామ వరసయ్యే ఒకాయన 2011 ఆల్టో అమ్ముతున్నాడు. ఏపీ 36 నంబరు, మీటరు మీద 78 వేల కిలోమీటర్లు, ఆర్సీ వచ్చే మార్చి దాకా ఉంది. తొంభై చెప్పి ఎనభైకి దిగాడు. నా దగ్గర మొత్తం లక్షా పది వేలున్నాయి. కొత్త కారుకు కిస్తీలు కట్టే తాహతు లేదు. దోస్తులేమో పాత కారు కొనడమంటే షెడ్డు మేస్త్రీని దత్తత తీసుకోవడమే అని నవ్వుతున్నారు. నడిపినవాళ్ళు చెప్పండి, ధైర్యం చేయొచ్చా?

ఏపీ 36
చెయ్యి తమ్మీ. నా దగ్గర 2004 మారుతి 800 ఉంది. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది, అయినా దానికి పార్టు దొరకని ఊరు నాకింకా కనబడలేదు. పాత కారులో చూడాల్సిన మొదటి సంగతి అదే. మా పక్కింటాయన ఒక ఫారిన్ కంపెనీ కారు చవకగా వచ్చిందని కొన్నాడు. ఆ కంపెనీ దుకాణం సర్దుకుని దేశం విడిచిపోయింది. ఒక్క సెన్సర్ కోసం కారు నలభై రోజులు వేపచెట్టు కింద నిలబడింది, కోళ్ళు దాని మీదే పడుకునేవి.

సుఖం సంగతి అడుగుతావా? గీత పడుతుందన్న టెన్షన్ ఉండదు. చౌరస్తాలో ఆటోవాడు రాసుకుంటూ పోతే దిగి కొట్లాడబుద్ధి కాదు. బతుకమ్మ ముందు రోజు తంగేడు, గునుగు డిక్కీ నిండా కుక్కి తెస్తాం. కొత్త కారైతే మా ఆవిడే ఒప్పుకోదు. ఒకసారి వెనక సీటు మీద రెండు బస్తాల మిర్చి వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోయాను. ఆ తర్వాత నెల రోజులు ఏసీ వేస్తే చాలు, ఇంటిల్లిపాదీ తుమ్ములే.

ఖర్చంతా నోటుబుక్కులో రాస్తా. పోయిన ఏడాది పెట్రోలు కాక 23 వేలయింది, బ్యాటరీతో కలిపి. కొత్త కారుకు అది రెండు మూడు కిస్తీలు.

గోదావరిఖని షిఫ్ట్
అన్న పూలు, మిర్చి చెప్పాడు, నేను పొగ గురించి చెబుతా. రెండేళ్ళ కింద మే నెల, చెల్లె పెళ్ళి బట్టలకని కరీంనగర్ బయల్దేరాం. పెద్దపల్లి దాటాక టెంపరేచర్ ముల్లు పైకి పోవడం చూశా. ఇంకో పది కిలోమీటర్లు లాగొచ్చులే అనుకున్నా. అదే నేను చేసిన తప్పు. బానెట్ కింద నుంచి ఆవిరి లేచాక గానీ ఆపలేదు. ఆపినవాణ్ణి ఊరుకున్నానా? తువ్వాల చుట్టి రేడియేటర్ మూత తిప్పా. మరిగే నీళ్ళు మోచేతి దాకా కొట్టాయి, మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ మంటలో తెలివి పనిచేయక బాటిల్‌లో చల్లటి నీళ్ళు నేరుగా పోశా. ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్డు వంగింది. లేత్ పని, హెడ్డు కింద సీలులా వేసే గాస్కెట్, కూలీ అన్నీ కలిపి 14 వేలు. చెల్లె పెళ్ళికి కిరాయి కారులో పోయాం.

ముల్లు లేస్తే పక్కకు ఆపి ఇంజన్ బంద్ చెయ్. అరగంట చెట్టు కింద కూర్చో. మూత ముట్టుకోకు.

ఆటోనగర్ మేస్త్రి
ఖని తమ్ముని కథ మా షెడ్డులో ప్రతి ఎండాకాలం పది సార్లు జరుగుతుంది. అసలు కారణం ఎండ కాదు, మనం పోసే నీళ్ళు. మన బోరు నీళ్ళతో చాయ్ కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా, రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా అదే పేరుకుంటుంది. కొన్నాళ్ళకు నీళ్ళు తిరగవు. కూలెంట్ డబ్బాకు పైసలు ఎందుకని బోరు నీళ్ళు పోసినవాళ్ళే మాకు హెడ్డు పని ఇస్తారు.

పరకాల తమ్మీ, బండి చూడ్డానికి పొద్దున్నే పో, చెప్పకుండా పో. ఇంజన్ చల్లగా ఉండాలి. నువ్వు పోయేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారంటే ఏదో దాస్తున్నారని అర్థం. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడు. ఎర్రగా తుప్పు నీళ్ళుంటే బేరం అక్కడి నుంచి మొదలుపెట్టు. ఆయిల్ పోసే మూత కింద పాలమీగడ లాంటి జిడ్డు కనబడితే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నట్టు అనుమానించాలి. సెల్ఫ్ కొట్టగానే నీలి పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించు. హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదులు. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా మోగుతూనే ఉంటే క్లచ్ ప్లేట్ అయిపోయినట్టే.

మీటరు మీద అంకెను నమ్మకు. పెడల్ రబ్బర్లు చూడు. 78 వేలకే అవి నున్నగా అరిగిపోవు. ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకో. డోర్ల కింద, చక్రాల పైన అంటించి చూడు, పుట్టీ మందంగా ఉన్నచోట అది నిలవదు. కాళ్ళ కింద మ్యాట్ లేపి రేకును వేలితో నొక్కు, లోపలికి పోతే తుప్పు తిన్నట్టే.

టైర్ల మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతున్నా ఏడెనిమిదేళ్ళ టైరును నమ్ముకుని నాన్నను ఎక్కించకు. ఆల్టోవి 12 అంగుళాల టైర్లే కాబట్టి కొత్తవి వేసినా పెద్ద కార్లంత కాదు.

ఇంకొకటి, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు ఉందో లేదో అడుగు. మనవైపు సగం మంది దాన్ని పీకి పారేస్తారు.

కాజీపేట జంక్షన్
పీకితే ఏమైందన్నా? నాది తీసేసి నాలుగేళ్ళయింది. 45 డిగ్రీల్లో కూడా ముల్లు సగం దాటలేదు. మన ఎండకు ఆ వాల్వు అవసరం లేదు.

ఆటోనగర్ మేస్త్రి
సగం దాటలేదు సరే, సగం దాకా ఎప్పుడైనా వచ్చిందా? ఆ వాల్వు సుమారు 80 డిగ్రీల పైన తెరుచుకుంటుంది. అప్పటిదాకా ఇంజన్‌ను త్వరగా వేడెక్కనిస్తుంది. అది లేకపోతే డిసెంబరు పొద్దున ఇంజన్ ఎంతసేపు తిరిగినా చల్లగానే ఉంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల పిస్టన్ రింగులు అరుగుతాయి. వాల్వు తీస్తే గానీ వేడి దిగలేదంటే ఎక్కువగా రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా ఫ్యాన్ సరిగ్గా తిరగడం లేదు. జ్వరం వస్తే థర్మామీటర్ పారేసినట్టుంది మీ పని.

కాజీపేట జంక్షన్
మైలేజీ 13 దాటడం లేదన్నది మాత్రం నిజమే. ఈ ఆదివారం వస్తా, చూడు.

స్టెప్నీ
ఎంత మంచి కారు కొన్నా స్టెప్నీలో గాలి చూసుకో. నాకు తెలిసింది ఇంతే. మేడారంలో తెలిసింది.

ఏపీ 36
మొత్తం చెప్పన్నా, ఊరించకు.

స్టెప్నీ
2024 ఫిబ్రవరి జాతర. పస్రా దాటిన దగ్గర నుంచి తాడ్వాయి దాకా మొదటి గేరు, క్లచ్, బ్రేకు, మళ్ళీ మొదటి గేరు. క్లచ్ కాలిన వాసన మా వదినకు కూడా తెలిసింది, ఆమె ఎప్పుడూ కారు నడపలేదు. దర్శనం బాగానే అయింది. తిరుగు దారిలో అడవిలో పంక్చర్. డిక్కీ తీస్తే స్టెప్నీ మెత్తగా అప్పడంలా ఉంది, జాకీ లేనే లేదు. మూడేళ్ళ కింద కొన్న బండి, ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఒట్టు. ట్రాక్టర్‌లో పోతున్న వాళ్ళు ఆగి, స్టెప్నీ విప్పి తాడ్వాయికి తీసుకెళ్ళి గాలి కొట్టించి, జాకీతో సహా తెచ్చారు. పైసలు తీసుకోలేదు. తల్లుల దగ్గర నుంచి తెచ్చిన బంగారం, అదే, బెల్లం, సగం వాళ్ళకే పెట్టా.

నయీంనగర్ గల్లీ
వరద కార్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 2023 జూలై వానలకు మా గల్లీలోనే ఎన్ని కార్లు నీళ్ళలో నిలబడ్డాయో కళ్ళారా చూశా. అయినా ఆ మరుసటి సంక్రాంతికి వేరే ఊరి బ్రోకరు దగ్గర 55 వేలకు ఒకటి కొన్నా. పాలిష్ పెట్టి పెళ్ళికొడుకులా నిలబెట్టాడు. తొలి వాన పడ్డాక దాని బుద్ధి బయటపడింది. ఎడమ ఇండికేటర్ వేస్తే వైపర్ తిరిగేది. హారన్ కొడితే లోపలి లైటు వెలిగేది. హంటర్ రోడ్డులో ఒకసారి నేను ముట్టుకోకుండానే హారన్ మొదలై ఆగలేదు. ముందు బైకు మీద పోతున్న పెద్దమనిషి దిగొచ్చి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఎలక్ట్రీషియన్ డ్యాష్‌బోర్డు విప్పితే కనెక్టర్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడు తమ్మీ. పైభాగం తుడుస్తారు గానీ లోపలి చుట్టకు ఉన్న బురద గీతను ఎవరూ తుడవరు. సీటు కింద పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన కూడా చూడు.

హన్మకొండ టీచరమ్మ
ఇంజన్ సంగతి మేస్త్రిగారు చెప్పారు, నేను కాగితాల గురించి చెబుతాను తమ్ముడూ. నేను కొని కాదు, అమ్మి దెబ్బతిన్నాను. మా పాత కారు తీసుకున్నాయన పేరు మార్పించుకుంటానని చెప్పి మార్పించుకోలేదు. ఏడాది పాటు హైదరాబాద్ నుంచి నా ఫోనుకు చలాన్లు వచ్చాయి. నేను క్లాసులో ఉన్న సమయంలో నా కారు కూకట్‌పల్లిలో సిగ్నల్ దాటిందట! చలాన్లదేముంది, కడితే పోతాయి. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదంతా నాకు నిద్ర సరిగ్గా లేదు.

మేనమామైనా సరే, పైసలిచ్చే రోజే పేరు మార్పిడికి కావలసిన 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకో. లోను మీద కొన్న బండి అయితే లోను తీరిందని చూపే ఫారం 35, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చిన కాగితం (ఎన్ఓసీ) అడుగు. ఆన్‌లైన్‌లో బండి నంబరు కొట్టి పాత చలాన్లు ఎన్నున్నాయో చూసి ఆ మొత్తం ధరలోంచి తగ్గించు.

ఆర్సీ మార్చి దాకా అన్నావు. పదిహేనేళ్ళు నిండాక అయిదేళ్ళకోసారి రెన్యువల్. గడువుకు అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆలస్యమైతే కారుకు నెలకు 500 అదనం. ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000. పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. కాబట్టి మామ చెప్పే ఎనభైలో ఈ ఖర్చు లేదని గుర్తుంచుకో. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటైతే వెయ్యి సీసీ లోపు కార్లకు ప్రీమియం 2,094, పైన జీఎస్టీ.

ఏపీ 36
టీచరమ్మ చెప్పింది నిజం. నేను 2024లో రెండోసారి రెన్యువల్ చేయించా, అప్పుడు బతికిపోయా. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఫీజు పది వేలు చేశారు.

కాజీపేట జంక్షన్
ఢిల్లీ కారు చవకని ఎవరైనా చెబితే వినకు. అక్కడ పదేళ్ళ డీజిల్, పదిహేనేళ్ళ పెట్రోలు బండ్లు తిరగొద్దన్నప్పుడు అగ్గువకు వచ్చాయి. ఇక్కడికి తెచ్చాక ఎన్ఓసీ, లైఫ్ ట్యాక్స్, మళ్ళీ రిజిస్ట్రేషన్. మా బావ ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగిన పెట్రోలుకే సగం ధర అయింది.

పరకాల పోరడు
అందరికీ దండాలు. ఇంకో డౌటు. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది కదా, 2011 బండి తట్టుకుంటుందా?

ఆటోనగర్ మేస్త్రి
నడుస్తుంది. మైలేజీ కొంచెం పడుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకని పెట్రోలు పైపులు, ఫిల్టర్ కొత్తవి వేయించు, కొన్ని వందల్లో అయిపోతుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టకు. నిలబెడితే ఎలుకలు కూడా వైరింగు తింటాయి. వారానికి ఒకసారైనా తిప్పాలి.

పరకాల పోరడు
పది రోజుల తర్వాత రాస్తున్నా. మా దోస్తు వాళ్ళ షెడ్డు మేస్త్రీని వెంటబెట్టుకుని పొద్దున ఆరింటికి మామ ఇంటికి పోయా. మామ ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. ఇంజన్ చల్లగా ఉంది, పొగ లేదు, క్లచ్ మంచిగుంది. రేడియేటర్‌లో మాత్రం ఎర్రమట్టి చెరువు. థర్మోస్టాట్ లేదు! ఎందుకు తీశారంటే మామకు కూడా తెలియదు. టైర్లు 2016వి. సీటు బెల్టు లాగాను, శుభ్రంగా ఉంది. చలాన్లు మూడు. అన్నీ కాగితం మీద రాసి మామ ముందు పెట్టా. అత్త లోపలి నుంచి "పిల్లగాడు చదువుకున్నోడు, ఊకె ఎందుకు గుంజుతవ్, ఇచ్చెయ్" అంది. 72 వేలకు తెగింది. చలాన్లు మామే కట్టాడు, ఫారాల మీద సంతకాలు అప్పుడే అయిపోయాయి.

రేడియేటర్ పని, వాల్వు, పైపులు, కూలెంట్ కలిపి ఆరున్నర వేలు. నాలుగు టైర్లు పన్నెండున్నర. ఇన్సూరెన్స్ పోను మిగిలిన పైసలు మార్చి రెన్యువల్‌కని అమ్మ దగ్గర దాచా, నా దగ్గరుంటే నిలవవు.

నిన్న బాపును తీసుకొచ్చా. ముందు సీటు మొత్తం వెనక్కి జరిపితే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఏసీ వద్దన్నాడు, అద్దం దించుకుని దారి పొడుగునా ఎవరి పొలంలో పత్తి ఎట్లుందో చెప్పుకుంటూ వచ్చాడు. తిరిగి పోయేటప్పుడు ఈత వనం దగ్గర ఆపమన్నాడు. డాక్టరు ఏం చెప్పిండు బాపూ అంటే, మోకాళ్ళ సంగతి చెప్పిండు, దీని సంగతి చెప్పలే అన్నాడు.

ఒక్క కష్టం. ఆ అద్దం దించే పిడి బాపు చేతిలోకి ఊడొచ్చింది. ఇది ఎక్కడ దొరుకుతుంది?

ఆటోనగర్ మేస్త్రి
కొనకు. షెడ్డులో పాత డోర్లు పడి ఉన్నాయి, ఒకటి పీకి పెడతా. మంగళవారం రా, చాయ్ నీదే.

స్టెప్నీ
స్టెప్నీ చూసినవా?

పరకాల పోరడు
అన్నా... ఇప్పుడే పోతున్నా.